గ్రీన్ ఫైనాన్స్ కొలువులకు మన కాలేజీలు ఎవరిని తయారుచేస్తున్నాయి?

2025 ఏప్రిల్ 15న సెబీ ఇచ్చిన ఒక మధ్యంతర ఉత్తర్వును ఎంబీఏ ఫైనాన్స్ విద్యార్థులతో మొదటి వారంలోనే చదివించాలి. జెన్‌సోల్ ఇంజినీరింగ్ అనే కంపెనీ ఎలక్ట్రిక్ కార్లు కొని బ్లూస్మార్ట్ క్యాబ్ సర్వీసుకు లీజుకిస్తామని చెప్పి, ప్రభుత్వరంగ సంస్థలైన ఇరెడా, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్‌ల దగ్గర అప్పు తీసుకుంది. అందులో రూ.663.89 కోట్లు 6,400 కార్ల కోసమే. తీరా చూస్తే కొన్నవి 4,704. కంపెనీ తన వంతుగా వేసుకోవాల్సిన 20 శాతాన్ని కూడా కలిపితే కార్ల మీద దాదాపు రూ.830 కోట్లు ఖర్చు కావాలి. లెక్కకు దొరికింది సుమారు రూ.568 కోట్లు. మిగతా రూ.262 కోట్లకు లెక్క లేదని, అప్పుగా తెచ్చిన సొమ్ములో కొంత గురుగ్రామ్‌లోని ఒక ఖరీదైన ఫ్లాట్‌కు మళ్లిందని సెబీ ప్రాథమికంగా తేల్చింది.

ఆ ఉత్తర్వులో ఇంకో చోట ఆగి చూడాలి. కంపెనీ వాహనాలు తయారుచేస్తున్నామని చెప్పుకున్న పుణె దగ్గరి ప్లాంటుకు నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అధికారి స్వయంగా వెళ్లారు. అక్కడ ఇద్దరు ముగ్గురు కూలీలు తప్ప తయారీ జాడే లేదు. కరెంటు బిల్లులు తెప్పించి చూస్తే, ఏడాది మొత్తంలో అత్యధికంగా వచ్చిన నెల బిల్లు లక్షన్నర రూపాయల పైచిలుకు. వాహనాల ఫ్యాక్టరీకి అది ఏ మూలకూ సరిపోదు.

అంటే అసలు విషయం బయటపడింది కార్లు లెక్కపెట్టడం వల్ల, కరెంటు బిల్లు చూడడం వల్ల. గ్రీన్ ఫైనాన్స్ ఉద్యోగమంటే ప్రధానంగా ఇదే. ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే వెళ్లిందా? ఆ పని వల్ల పర్యావరణానికి చెప్పినంత మేలు జరిగిందా? అప్పు వడ్డీతో సహా వెనక్కి వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతకగలిగే మనిషి కావాలి. మన విశ్వవిద్యాలయాలు ఈ మూడింటినీ మూడు వేర్వేరు డిపార్ట్‌మెంట్లలో నేర్పుతున్నాయి. కొన్నిచోట్ల ఏ ఒక్కటీ సరిగ్గా నేర్పడం లేదు.

ఈ రంగం వయసు తక్కువే. పర్యావరణానికి మేలుచేసే పనులకే ఖర్చుపెడతామని మాటిచ్చి అప్పు తెచ్చుకునే పత్రమే గ్రీన్ బాండు. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ 2007లో అలాంటి తొలి బాండు తెచ్చింది. మన దేశంలో 2015లో యెస్ బ్యాంక్ రూ.1,000 కోట్ల గ్రీన్ బాండుతో మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి 25న తొలిసారి రూ.8,000 కోట్ల గ్రీన్ బాండ్లు అమ్మింది, ఫిబ్రవరిలో మరో రూ.8,000 కోట్లు. అదే ఏడాది జూన్ నుంచి గ్రీన్ డిపాజిట్లకు రిజర్వు బ్యాంకు నిబంధనలు అమల్లోకొచ్చాయి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాలతో బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వడం తప్పనిసరైంది. తగ్గించిన కార్బన్ ఉద్గారాలను క్రెడిట్లుగా కొని అమ్మే కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ కూడా 2023లోనే నోటిఫై అయింది. ఇవన్నీ రూల్స్ వల్ల పుట్టిన పనులు. కంపెనీకి పర్యావరణం మీద ప్రేమ ఉన్నా లేకపోయినా రిపోర్టు ఇవ్వాలి, బ్యాంకు డిపాజిట్ సొమ్ము ఎటు పోయిందో చూపాలి. కాబట్టి ఈ కొలువులు ఇప్పట్లో మాయమయ్యేవి కావు. అయితే వీటిలో చాలావరకు ‘గ్రీన్’ అనే పేరుతో ఉండవు. బ్యాంకులో క్రెడిట్ ఆఫీసర్, ఫ్యాక్టరీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, ఆడిట్ సంస్థలో అసోసియేట్, రేటింగ్ ఏజెన్సీలో అనలిస్ట్ అనే పాత పేర్లతోనే ఉంటాయి. పని మాత్రం మారిపోయింది. ‘గ్రీన్ జాబ్’ అని వెతికితే దొరకడం లేదని నిరాశపడే విద్యార్థులకు ఇది ముందే చెప్పాలి.

ఇప్పుడు డిగ్రీ సంగతి చూద్దాం. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల పుణ్యమా అని ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అందరికీ తప్పనిసరి పేపరైంది. మంచి ఉద్దేశమే. కానీ చాలా కాలేజీల్లో ఆ పేపరు పరీక్షకు రెండ్రోజుల ముందు చదివి పాసయ్యే సబ్జెక్టుగా మిగిలిపోయింది. ఓజోన్ పొర, ఆహారపు గొలుసు, కాలుష్యం రకాలు రాస్తే చాలు. అక్కడ రూపాయి ప్రస్తావన రాదు. బీకాంలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఉంటుంది, అందులో పొగ ప్రస్తావన రాదు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ కుర్రాడికి ఇన్వర్టర్ గురించి బాగా తెలుసు, ఆ ప్లాంటుకు బ్యాంకు ఎందుకు అప్పు ఇవ్వనన్నదో తెలియదు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన అమ్మాయికి నేలలో సేంద్రియ కర్బనం ఎలా కొలవాలో తెలుసు, దాన్ని క్రెడిట్‌గా అమ్మే ఒప్పందంలో రైతు వాటా ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేదు.

ఈ ఖాళీ ఎంత ఖరీదైనదో అర్థం కావడానికి చిన్న లెక్క వేసి చూడాలి. పాఠం కోసం వేసుకున్న అంకెలు కాబట్టి గుండుగుత్తగా తీసుకుందాం.

ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు. ఖర్చు రూ.4 కోట్లు. అందులో 70 శాతం, అంటే రూ.2.8 కోట్లు అప్పు. వడ్డీ 9 శాతం, 15 ఏళ్లలో తీర్చాలి. ప్లాంటు ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో పనిచేయదు. రాత్రుళ్లు, మబ్బులు, దుమ్ము పోను 18 శాతం వినియోగం అనుకుంటే ఏడాదికి 15.77 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్ రూ.3కి అమ్మితే ఆదాయం రూ.47.3 లక్షలు. నిర్వహణకు రూ.5 లక్షలు తీసేస్తే మిగిలేది రూ.42.3 లక్షలు. అప్పు వాయిదాలకు ఏటా సుమారు రూ.34.7 లక్షలు కట్టాలి. మిగిలినదాన్ని కట్టాల్సినదాంతో భాగిస్తే 1.22 వస్తుంది. బ్యాంకర్లు డీఎస్‌సీఆర్ అనేది దీన్నే. 1.2 దగ్గర ఉంటే ఫైలు కదులుతుంది.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. యూనిట్ ధర రూ.3 నుంచి రూ.2.44కు దిగింది. ఆదాయం రూ.38.5 లక్షలు, ఖర్చులు పోను రూ.33.5 లక్షలు. డీఎస్‌సీఆర్ 0.96. అంటే వాయిదా కట్టడానికి ప్రమోటర్ జేబులోంచి తెచ్చి వేయాలి. ప్యానెళ్లు అవే, ఎండ అదే, తగ్గించే పొగ కూడా అంతే. ప్రాజెక్టు మాత్రం మునిగిపోతోంది.

ఆ రూ.2.44 ఊహించి పెట్టిన అంకె కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే. 2019 జులైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పాత సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ, వాటిని తగ్గించడానికి సంప్రదింపుల కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. వివాదం తేలేదాకా పవన విద్యుత్‌కు యూనిట్ రూ.2.43, సౌర విద్యుత్‌కు రూ.2.44 చొప్పున చెల్లించాలని అదే ఏడాది సెప్టెంబరులో సింగిల్ జడ్జి తాత్కాలిక ధర పెట్టారు. చాలా పవన విద్యుత్ ఒప్పందాల్లో ఉన్న ధర రూ.4.84. పైగా ఆ ప్లాంట్లు కట్టిన రోజుల్లో పరికరాల ధరలు ఇప్పటికంటే చాలా ఎక్కువ, కాబట్టి అప్పుల భారమూ ఎక్కువే. రూ.21,000 కోట్లకు పైగా అప్పులు ప్రమాదంలో పడ్డాయని రేటింగ్ ఏజెన్సీ క్రిసిల్ అప్పట్లోనే హెచ్చరించింది. చివరికి 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచ్ ఒప్పందంలోని ధరే చెల్లించాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. మధ్యలో రెండున్నరేళ్లకు పైగా గడిచిపోయింది. వాయిదా తేదీలు మాత్రం కోర్టు తీర్పు కోసం ఆగవు.

ఆ కరెంటు కొనే పంపిణీ సంస్థలైన డిస్కంల వైపు వాదన కూడా విద్యార్థికి తెలియాలి. కొత్త ప్లాంట్లు రూ.3 లోపు కరెంటు ఇస్తుంటే పాతికేళ్లపాటు రూ.4.84 కట్టడం ఎవరి మీద భారం? చివరికి వినియోగదారు మీదే. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ సంతకం పెట్టిన ఒప్పందం నిలబడదన్న అనుమానం ఒకసారి మొదలైతే, ఆ తర్వాత వచ్చే ప్రతి ప్రాజెక్టుకూ అప్పిచ్చేవాడు వడ్డీ పెంచి అడుగుతాడు. పై లెక్కలో వడ్డీని 9 నుంచి 8 శాతానికి తగ్గిస్తే, అదే రూ.2.44 ధరకు కూడా డీఎస్‌సీఆర్ 1.02కు చేరుతుంది. వడ్డీ ఒక్క శాతం అటూ ఇటూ అయితే ప్రాజెక్టు బతకడమో చావడమో తేలిపోతుంది. కర్నూలు పక్కనే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉన్న రాష్ట్రంలో కామర్స్ విద్యార్థి ఈ లెక్క ఒక్కసారి కూడా వేయకుండా డిగ్రీ పట్టా తీసుకోవడం నిజంగా బాధ కలిగించే విషయం. ఎక్సెల్ షీట్, రెండు క్లాసు పీరియడ్లు ఉంటే సరిపోయే పాఠమిది.

ఈ లెక్క వచ్చాక గ్రీన్ బాండ్ల గురించిన గొప్పలను కూడా సరిగ్గా తూచగలుగుతారు. 2023 జనవరిలో కేంద్రం అమ్మిన గ్రీన్ బాండ్ల మీద వడ్డీ మామూలు ప్రభుత్వ బాండ్ల కంటే 5, 6 బేసిస్ పాయింట్లు తక్కువ. ఒక బేసిస్ పాయింటంటే ఒక శాతంలో నూరో వంతు. రూ.100 కోట్ల అప్పు మీద 5 బేసిస్ పాయింట్లంటే ఏడాదికి రూ.5 లక్షలు మిగులు. తర్వాతి వేలాల్లో అదీ దాదాపు ఆవిరైంది. ‘గ్రీన్’ ముద్ర వేస్తే చౌకగా డబ్బు దొరుకుతుందని సెమినార్లలో చెప్పే మాటకు, మార్కెట్లో జరిగేదానికి ఇంత తేడా ఉంది. ఒప్పందం పక్కాగా ఉండటం, బిల్లులు సకాలంలో రావడం ఆ ముద్ర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆదా చేస్తాయి.

రెండో రకం పని కంపెనీల్లో ఉంటుంది. బీఆర్‌ఎస్‌ఆర్ అనగానే పెద్ద పెద్ద మాటలు గుర్తొస్తాయి గానీ, కింద జరిగేది బిల్లుల పని. ఒక మందుల ఫ్యాక్టరీ ఏడాదికి 10 లక్షల యూనిట్ల కరెంటు, జనరేటర్లకు 20,000 లీటర్ల డీజిల్ వాడిందనుకుందాం. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క, డీజిల్ లీటరుకు 2.68 కిలోలు. కరెంటు నుంచి 700 టన్నులు, డీజిల్ నుంచి దాదాపు 54 టన్నులు. గుణకారం ఆరో తరగతిదే. చిక్కంతా అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదాంట్లో ఉంటుంది. స్టోర్ రిజిస్టర్‌లో ఉన్నది కొన్న డీజిలా, కాల్చిన డీజిలా? మార్చి కరెంటు బిల్లు ఏప్రిల్‌లో వస్తే ఏ ఆర్థిక సంవత్సరంలో వేశారు? కప్పు మీది సోలార్ కరెంటును మొత్తం వాడకంలో కలిపారా, విడిగా చూపారా? క్యాంటీన్ గ్యాస్ సిలిండర్లు ఎవరైనా లెక్కపెట్టారా? ఇవి అడగగలిగే వాళ్ల కోసమే ఆడిట్ సంస్థలు చూస్తున్నాయి, ఎందుకంటే బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ వివరాలను మూడో పక్షంతో సరిచూపించుకోవాలని సెబీ దశలవారీగా నిబంధన పెట్టింది.

ఎగుమతుల వైపు నుంచీ ఒత్తిడి ఉంది. యూరప్‌కు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు పంపాలంటే వాటి తయారీలో వెలువడిన కార్బన్ ఎంతో చెప్పే పద్ధతి 2023 అక్టోబరులో మొదలైంది, 2026 జనవరి నుంచి డబ్బు లెక్కలోకి వచ్చింది. పెద్ద కంపెనీలు కన్సల్టెంట్లను పెట్టుకోగలవు. వాటికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న యూనిట్లకు ఆ స్తోమత ఉండదు. అలాంటి యూనిట్లకు నెలకు రెండుసార్లు వెళ్లి లెక్క రాసిపెట్టే బీకాం కుర్రాళ్లకు ఇది పనికొచ్చే ఉపాధి. జీఎస్టీ వచ్చిన కొత్తలో ఊరూరా రిటర్నులు వేసేవాళ్లకు పని దొరికింది, దీనికీ ఆ అవకాశం ఉంది.

ఇక పల్లెల వైపు. ఇక్కడ తెలుగు విద్యార్థులకు ఎవరూ తీసుకెళ్లలేని బలం ఒకటుంది, దాన్ని కాలేజీలు బలంగా గుర్తించడం లేదు. అరకు లోయలో గిరిజన రైతుల పొలాల్లో లక్షల చెట్లు నాటించి, వాటి కార్బన్ క్రెడిట్లను యూరప్ కంపెనీల నిధికి ఇచ్చే ప్రాజెక్టు పదిహేనేళ్లుగా నడుస్తోంది. రైతు సాధికార సంస్థ నడిపే ఏపీ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మహిళా సంఘాలతో సోలార్ ప్లాంట్లు పెట్టించాలని తెలంగాణ ప్రభుత్వం పనిచేస్తోంది. వరిలో ఎప్పుడూ నీళ్లు నిలవ ఉంచకుండా, మడిని ఆరనిచ్చి మళ్లీ తడిపితే మీథేన్ తగ్గుతుంది కాబట్టి దానికీ క్రెడిట్లు ఇస్తామంటూ సంస్థలు రైతుల దగ్గరికి వస్తున్నాయి.

ఈ చివరిదాన్ని దగ్గరగా చూడాలి. మడి ఎన్ని రోజులు ఆరిందన్నదే మొత్తం క్రెడిట్‌కు ఆధారం. అసలు నీళ్లు కాలువవా, బోరువా? కాలువదైతే వంతు ఎప్పుడొస్తే అప్పుడే పెట్టుకోవాలి, ఆరబెట్టడం రైతు చేతిలో లేదు. బోరుదైతే కరెంటు ఏ వేళల్లో ఇస్తున్నారు, మోటారుకు ఆటో స్టార్టర్ ఉందా? నీళ్లు అందకే ఆ పొలం ముందునుంచీ ఆరుతూ ఉంటే, కొత్తగా తగ్గిన మీథేన్ ఏమీ లేనట్టే. చైనాలోని 37 వరి ప్రాజెక్టులను వెర్రా అనే అంతర్జాతీయ రిజిస్ట్రీ 2024లో తిరస్కరించింది. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ఒప్పుకోదగ్గవిగా లేకపోతే జరిగేది అదే. ఢిల్లీ నుంచో లండన్ నుంచో వచ్చిన అనలిస్ట్ ఈ ప్రశ్నలు అడగలేడు. నల్లగొండలోనో పశ్చిమ గోదావరిలోనో పుట్టి, అమ్మానాన్నల వెంట పొలానికి వెళ్లిన విద్యార్థి అడగగలదు. రైతు ఇంగ్లిష్ ఒప్పందం మీద వేలిముద్ర వేసే ముందు, పదేళ్లపాటు ఆ పొలం మీద ఏ షరతులు ఉంటాయో, ధర పడితే వాటా ఎలా మారుతుందో తెలుగులో విడమరిచి చెప్పగలిగేదీ ఆమే.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీల్లో దీనికి చోటు కూడా సిద్ధంగా ఉంది. 2020-21 నుంచి తెచ్చిన మార్పుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. చాలామంది ఒకరి సర్వే పత్రం ఇంకొకరు చూసి రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నారు. ఆ సమయాన్ని ఊళ్లో పీఎం సూర్యఘర్ కింద సోలార్ పెట్టించుకున్న ఇళ్ల మీద పెట్టొచ్చు. మూడు కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. అది ఎన్నాళ్లకు చేతికొచ్చింది? బ్యాంకు అప్పు ఎంత, వాయిదా ఎంత, కరెంటు బిల్లులో తగ్గిందెంత? ప్యానెళ్లు చివరిసారి ఎప్పుడు కడిగారు? ఇరవై ఇళ్ల బిల్లులు ముందుపెట్టుకుని కూర్చుంటే, ఏ బ్యాంకు మేనేజరైనా ఆసక్తిగా చదివే రిపోర్టు వస్తుంది. పునరుత్పాదక ఇంధనానికి వ్యక్తిగత ఇళ్లకైతే రూ.10 లక్షల వరకు, సంస్థలకైతే రూ.35 కోట్ల వరకు ఇచ్చే అప్పులు ప్రాధాన్య రంగం కిందికి వస్తాయి కాబట్టి, బ్రాంచి స్థాయిలో ఈ సమాచారానికి గిరాకీ ఉంటుంది.

సర్టిఫికెట్ల గురించి కూడా నిజం చెప్పాలి. రిస్క్ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన గార్ప్ వారి క్లైమేట్ రిస్క్ పరీక్ష, సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ వారి సర్టిఫికెట్ లాంటివి మంచివే. అవి విషయాన్ని ఒక పద్ధతిలో చదివిస్తాయి. కానీ ఫీజులు డాలర్లలో ఉంటాయి, మామూలు కుటుంబానికి తడిసి మోపెడవుతాయి. అకౌంట్స్ పునాది లేకుండా అవి ఉద్యోగం తెచ్చిపెడతాయని నమ్మించే కోచింగ్ ప్రకటనలతో జాగ్రత్త అవసరం. అలాగే హైదరాబాద్‌లోని విదేశీ సంస్థల ఆఫీసుల్లో ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) డేటా ఉద్యోగాలున్నాయి. కంపెనీల వార్షిక నివేదికలు చదివి అంకెలు ఏరి గడుల్లో నింపే పని. మొదటి కొలువుగా పరవాలేదు. అయితే ఆ ఏరే పనిని సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేయడం మొదలుపెట్టింది. ఏరిన అంకె తప్పని పట్టుకోగలిగే వాళ్లకే అక్కడ పై మెట్టు ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద సమస్య బోధించేవాళ్లు. ప్రాజెక్టు అప్పుల ఫైలు ఎన్నడూ చూడని అధ్యాపకుడు దాన్ని ఎలా నేర్పుతాడు? అది ఆయన తప్పు కాదు. రిటైరైన బ్యాంకు క్రెడిట్ అధికారులు, డిస్కంలో టారిఫ్ పిటిషన్లు తయారుచేసిన ఇంజినీర్లు ప్రతి జిల్లా కేంద్రంలో ఉన్నారు. వాళ్లను సెమిస్టర్‌కు ఒక గెస్ట్ లెక్చర్‌కు పిలిచి శాలువా కప్పి పంపడం కాకుండా, సగం పేపరు వాళ్లకే అప్పగించి, గంటకు తగిన పారితోషికం ఇవ్వాలి. కామర్స్, ఎలక్ట్రికల్, అగ్రికల్చర్ విద్యార్థులను ఒకే ప్రాజెక్టులో కూర్చోబెట్టి, ఒకే మార్కు వేయాలి.

అలాంటి ప్రాజెక్టు ఒకటి విశాఖపట్నంలో చేతికందేంత దూరంలో ఉంది. ఇందోర్ నగరపాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో రూ.244 కోట్ల గ్రీన్ బాండ్లు నేరుగా ప్రజలకు అమ్మింది. నర్మద నీళ్లు నగరానికి తోడే పంపుల కరెంటు ఖర్చు తగ్గించడానికి జలూద్‌లో 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కట్టడం కోసం. దరఖాస్తులు దాదాపు ఆరు రెట్లు వచ్చాయి. ఆ ఆఫర్ డాక్యుమెంట్ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విశాఖ నగరపాలక సంస్థ 2018లోనే రూ.80 కోట్ల బాండ్లు తెచ్చింది, అవి మామూలు బాండ్లు. అదే ఏడాది ముడసర్లోవ జలాశయం మీద రెండు మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు కూడా పెట్టింది. ఆ ప్లాంటు ఏటా ఇచ్చే యూనిట్లు, నగరం నీటి పంపులకు కట్టే కరెంటు బిల్లు, ఇందోర్ డాక్యుమెంట్‌లోని షరతులు, ఈ మూడూ ముందుపెట్టుకుని విశాఖకు గ్రీన్ బాండు గిట్టుబాటవుతుందా, ఎంత వడ్డీ దగ్గర అవుతుంది, ఏ ధర దగ్గర కాదు అన్నది ఒక సెమిస్టర్‌లో లెక్కతేల్చమని ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులకు అప్పగించవచ్చు. గిట్టదని తేలినా ఆ రిపోర్టు నగరపాలక కమిషనర్ టేబుల్ మీదికి వెళ్లాల్సిందే.